ఒకే గీత, రెండు మాటలు

నేను రిటైరై ఖాళీ చేసిన కోర్టు స్టెనో కుర్చీలోకి దివ్య అనే అమ్మాయి వచ్చింది. యలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. చురుకైన పిల్ల. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చి చీరైనా మార్చుకోకముందే, కూర్మన్నపాలెంలోని మా ఇంటికి వచ్చి కూర్చుంది. ఫోను తీసి బల్లమీద పెట్టింది.

“మేడం, దీంతో మాటాడితే సాలు, ఇంగ్లీషులో అదే టైపు సేసేత్తంది. మరింక కోర్టుకి స్టెనో ఎందుకండీ? ఈ ఉద్యోగంలో సేరి తప్పు సేసినానేటి?”

స్టెనో అంటే ఏమిటో తెలియనివాళ్ళకి ఒక్క మాట. జడ్జిగారు ఇంగ్లీషులో చెబుతూ పోతుంటే అదే వేగంతో రాసుకుని, తర్వాత శుభ్రంగా టైపు చేసి ఇచ్చే మనిషి స్టెనో. మామూలు అక్షరాలు రాస్తే ఆ వేగం అందదు. అందుకని మాట ఎలా వినిపిస్తే అలా గీతలు గీస్తాం. అదే షార్ట్‌హ్యాండ్. నా ఉద్యోగ జీవితమంతా ఆ గీతల్లోనే గడిచింది.

ఫోన్లని, కంప్యూటర్లని చూసి మూతి ముడుచుకునే ముసలమ్మని కాను నేను. దివ్య ఫోన్లో నాలుగైదు వాక్యాలు చెప్పి చూశాను. చాలా చక్కగా రాసింది. స్టీల్ ప్లాంట్ అంటే ఉక్కు స్టీలే రాసింది గానీ దొంగతనం స్టీలు రాయలేదు. అప్పుడు ఇంకొకటి చెప్పాను. “ఈ గొడవలో అతను తన సైట్ పోగొట్టుకున్నాడు” అని ఇంగ్లీషులో. గోపాలపట్నంలో ఇంటి స్థలం పోయిన ఒక మనిషి కేసు నా మనసులో ఉంది. ఫోను ఆ మనిషికి చూపు పోయిందని రాసి ఊరుకుంది. స్థలంతో పాటు పాపం కళ్ళు కూడా పోయాయి. దివ్య పకపకా నవ్వింది.

“పోయింది స్థలమా, చూపా అని అది ఎవరినీ అడగదమ్మా. నువ్వు అడుగుతావు. నీ జీతం అందుకే” అన్నాను.

పిల్ల ఫోను సంచిలో పడేసుకుని వెళ్ళిపోయింది గానీ నాకే నేను చెప్పింది చాలదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎన్ని బదిలీలు తప్పించుకున్నాను అన్నవి మీకెందుకు? ఈ పని అసలు ఎలాంటిదో, దానిలో నాకు ఎందుకు సుఖం దొరికిందో అది చెబుతాను.

తాళంచెవికి కట్టేసిన ఓడ

మా నాన్న పోర్టులో కళాసీ. నేను ఇంటర్ అవగానే గోపాలపట్నంలో ఒక బట్టల కొట్టు మేడమీద ఉన్న టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. కింద బేరాలు, రోడ్డుమీద లారీల హారన్లు, పైన పాతిక టైపు మిషన్ల మోత. ఆ మోతలో మాకు డిక్టేషన్ చెప్పే మాస్టారు ఒక షిప్పింగ్ ఆఫీసులో స్టెనోగా చేసి రిటైరైన మనిషి. గొంతు పెంచేవారు కాదు. “ఇంత సప్పుట్లో ఇనగలిగితే ఎక్కడైనా ఇనగలవు” అనేవారు.

ఇంగ్లీషులో ఒకేలా పలికి వేరేగా రాసే మాటలు కోకొల్లలు. మనం తెలుగులో పలికినట్టు రాస్తాం, రాసినట్టు పలుకుతాం. ఆ అలవాటుతో పెరిగినవాళ్ళకి ఇది వట్టి మోసంలా ఉంటుంది. షార్ట్‌హ్యాండ్‌లో అయితే మరీను. చప్పుడు ఒకటే కాబట్టి గీతా ఒకటే. ఉక్కుకీ దొంగతనానికీ ఒకటే గీత. బండికి వేసే బ్రేకుకీ, కాలు విరిగిన బ్రేకుకీ ఒకటే గీత. రాసేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, గీత గీసి పారేస్తాం. తిరిగి టైపు చేసేటప్పుడు తెలుస్తుంది అసలు కథ.

ఒకరోజు మాస్టారు పోర్టు ఉత్తరం ఒకటి డిక్టేషన్ ఇచ్చారు. ఓడ ‘కీ’ పక్కన ఆగింది అని దాని భావం. ఓడలు ఆగే గట్టుని ఇంగ్లీషులో కీ అంటారు. స్పెల్లింగు చూస్తే ఎవరూ అలా పలుకుతారని అనుకోరు. క్లాసులో సగం మంది తాళంచెవి రాశాం. మాస్టారు ఒక కాగితం పైకెత్తి పట్టుకుని చూశారు.

“ఏటర్రా, ఓడని తాళంసెవికి కట్టేసినారా? బాగుంది. బేగి ఇంటికెల్లేటప్పుడు జేబులో ఎట్టుకుని పోవచ్చు.”

ఆయన నేర్పినవి రెండే. మొదటిది, ఇలాంటి మాటల్ని జంటలుగా బట్టీ పట్టొద్దని. బజార్లో దొరికే పుస్తకాలన్నీ ఆ జంటల్ని పక్కపక్కనే అచ్చువేసి అమ్ముతాయి. అలా నేర్చుకుంటే రెండూ కలిసే గుర్తొస్తాయి, ఏది ఏదో తేలదు. ఒక్కో మాటనీ దాని చుట్టాలతో కలిపి నేర్చుకోవాలి. ఉక్కు స్టీలు వచ్చినప్పుడు చుట్టూ ప్లాంటు, ఊచలు, రేకులు ఉంటాయి. దొంగ స్టీలు చుట్టూ గొలుసు, పర్సు, బీరువా ఉంటాయి. ముందు ఒకదాన్ని నెలపాటు వాడి, అది మనదయ్యాక రెండోదాని జోలికి వెళ్ళాలి. నేను తర్వాత ఎంతమందికి షార్ట్‌హ్యాండ్ చెప్పినా ఇలాగే చెప్పాను, ఎవరూ నష్టపోలేదు.

రెండోది, అనుమానం వచ్చిన చోట కాగితం అంచున చిన్న ఇంటూ గుర్తు పెట్టుకోవడం. “తెల్దు అనుకో, పర్లేదు. తెల్దని గుర్తెట్టుకోకపోతే మాత్రం నా కాడికి రాకు” అనేవారు. ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకి స్పీడు స్పీడని అందరూ చెబుతారు. స్పీడు అదే వస్తుంది. గుర్తు పెట్టుకునే నిజాయితీ దానంతటది రాదు.

అడగొద్దన్న జడ్జిగారు

నేను మొదట పనిచేసిన జడ్జిగారికి చట్టం కొట్టిన పిండి. ఇంగ్లీషు ధారాళంగా వచ్చేది. కానీ కిటికీ వైపు తిరిగి, వీపు మాకు పెట్టి డిక్టేషన్ చెప్పేవారు. మధ్యలో ఎవరైనా “సార్, ఆ మాట?” అంటే చాలు, తిరిగి చూసేవారు. ఆ చూపు పడ్డాక రెండోసారి అడగాలంటే గుండె ధైర్యం కావాలి.

“స్టెనోకి తెలియాలి. స్టెనో అడగకూడదు” అన్నది ఆయన సిద్ధాంతం. శుద్ధ తప్పు సిద్ధాంతం. నాకంటే ముందు పనిచేసిన మనిషి ఆ భయంతోనే అన్నీ ఊహించి రాసేవాడట. రోడ్డుపక్క ఆగి ఉన్న లారీ అనే అర్థంలో జడ్జిగారు ‘స్టేషనరీ’ లారీ అని చెబితే, కాగితాలూ పెన్నులూ అమ్మే స్టేషనరీ లారీ అని టైపు చేశాడు. జడ్జిగారూ చూసుకోకుండా సంతకం పెట్టారు. పైకోర్టులో ఎవరో ప్లీడరు ఆ లారీలో నోటు పుస్తకాలు ఎన్ని ఉన్నాయని అడిగి అందరినీ నవ్వించాడట. ఆ మనిషి పనికిమాలినవాడు అని ఆఫీసులో చెప్పుకునేవారు. నేను మాత్రం పనికిమాలింది ఆ భయమే అంటాను.

నాకూ భయమే. కాకపోతే ఇంటూ గుర్తులు వదిలిపెట్టలేను. అందుకని ఒక ఉపాయం చేశాను. డిక్టేషన్ మధ్యలో నోరు మెదిపేదాన్ని కాదు. సాయంత్రం అటెండరు టీ పట్టుకెళ్ళేటప్పుడు వెనకే నేనూ కాగితాలు పట్టుకుని వెళ్ళేదాన్ని. టీ గ్లాసు చేతిలో ఉండగా మనిషి అంత కోపంగా చూడలేడు. ఒక్కో గుర్తూ అడిగేదాన్ని, విసుక్కుంటూనే చెప్పేవారు. కొన్నాళ్ళకి ఆయనే “ఏమ్మా, ఇవాళ నీ ఇంటూలు లేవా?” అని అడగడం మొదలుపెట్టారు. లేవంటే కొంచెం నిరాశపడ్డట్టు కూడా కనిపించేవారు.

పిల్లలకి నా సలహా ఇదే. అడగొద్దనే అధికారి ఎక్కడైనా దొరుకుతాడు. మానేయకండి, వేళ చూసుకుని అడగండి.

నూకాలమ్మ చెప్పిన వేళ

కోర్టులో సాక్ష్యం ఎలా రాస్తారో బయటివాళ్ళకి తెలియదు. సాక్షి తన తెలుగులో చెబుతాడు. జడ్జిగారు దాన్ని విని, అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మార్చి స్టెనోకి చెబుతారు. స్టెనో కంప్యూటర్ మీద కొట్టేస్తుంది. అంటే రెండు మాటలూ వినే మనిషి స్టెనో. సాక్షి ఏమన్నాడో వింటుంది, జడ్జిగారు ఏమన్నారో వింటుంది. కొట్టాల్సింది మాత్రం రెండోదే. కోర్టులో అందరికీ నోరుంటుంది. ప్లీడర్లకి ఉంటుంది, సాక్షులకి ఉంటుంది, ఆఖరికి బయట పేర్లు పిలిచే అటెండరుకి కూడా ఉంటుంది. స్టెనోకి ఉండదు. అది రూలు, మంచి రూలే. స్టెనోలు తలో మాట కలిపితే సాక్ష్యాలన్నీ మావే అయిపోతాయి.

ఆ రూలు నన్ను బాగా ఇబ్బంది పెట్టిన రోజు ఒకటుంది. నా ఉద్యోగం ఆఖరి ఏళ్ళలో, రాయలసీమ నుంచి బదిలీ మీద వచ్చిన జడ్జిగారి దగ్గర చేస్తున్నప్పుడు. ఆయన మెత్తని మనిషి, ఎవరినీ కసరడం చూడలేదు.

ముద్దాయి సింహాచలం అనే లారీ డ్రైవరు. మా పేట జంక్షన్‌లో రాత్రి పూట సైకిల్ మీద వెళ్తున్న కాంట్రాక్టు కూలీని ఏదో లారీ గుద్ది వెళ్ళిపోయింది. కూలీకి కాలు విరిగింది. ఏ లారీయో అతను చూడలేదు. జనం పోగయ్యేసరికి దగ్గర్లో ఆగి ఉన్న లారీ సింహాచలానిది. ముందు భాగం ఎప్పటిదో సొట్టపోయి ఉంది. ఇంకేం, అతన్నే పట్టుకున్నారు. తను అప్పుడు టీ బండి దగ్గర నిలబడి ఉన్నానని అతను మొదటినుంచీ చెబుతున్నాడు. శిక్ష పడితే జైలు సరే, లైసెన్సు కూడా పోతుంది. స్టీరింగు తప్ప ఇంకో పని చేతకాని మనిషి. అతని భార్య పైడితల్లి వాయిదా వాయిదాకీ వచ్చి వరండాలో కూర్చునేది.

అతని తరఫున చెప్పడానికి ఉన్న సాక్షి ఒక్కతే. ఆ టీ బండి నడిపే నూకాలమ్మ. బోనెక్కి, కొంగు నడుముకి బిగించి, జడ్జిగారికి దండం పెట్టింది. గొంతు మాత్రం బండి దగ్గర మాట్లాడినట్టే ఉంది.

“ఈ బాబు నా కాడ టీ తాగుతన్నాడు బాబూ. నాను టీ పోస్తన్నాను. బి షిఫ్టోల బస్సులు అప్పుడే దాటినాయి. ఎనకాల బ్రేకు ఏసిన సప్పుడు ఇన్నాను. తిరిగి సూసేసరికి సైకిలు పడిపోయున్నాది. లారీ ఒకటి ఎల్లిపోతంది. ఈ బాబు గలాసు నా ముందరే ఉన్నాది.”

జడ్జిగారు బెంచి క్లర్కు వైపు వంగి, “బి షిఫ్టు ఎప్పుడు?” అని అడిగారు. క్లర్కు విశాఖ టౌన్ మనిషి, స్టీల్ ప్లాంటు సంగతి పైపైన తెలుసు. “మధ్యాహ్నం రెండింటికండి” అన్నాడు. అది నిజమే. బి షిఫ్టు రెండింటికే మొదలవుతుంది. జడ్జిగారు నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పారు: మధ్యాహ్నం సుమారు రెండు గంటలకి, బి షిఫ్టు బస్సులు దాటిన తర్వాత, నేను టీ పోస్తుండగా బ్రేకు చప్పుడు విన్నాను.

నా వేళ్ళు కొట్టేశాయి. ఇంగ్లీషులో ‘దాటిన’ అన్న మాటకి అచ్చం అలాగే పలికే ఇంకో మాట ఉంది, దానిలో పొరపడలేదు. టీ ‘పోయడం’ అన్న మాటకీ అలాంటి జంట ఉంది, అక్కడా పొరపడలేదు. బ్రేకు దగ్గరా పొరపడలేదు. అక్షరాలన్నీ చక్కగా ఉన్నాయి. వేళ ఒక్కటే తప్పు.

మా ఆయన ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. బి షిఫ్టు ఉన్న వారాల్లో ఆయన అన్నం గిన్నెలు మూతలు పెట్టి రాత్రి పదింటి తర్వాత కూడా కూర్చున్నదాన్ని నేను. మా వైపు గడియారం చూసి మాట్లాడేవాళ్ళు తక్కువ. ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు, అంతే. టీ బండి మనిషి బి షిఫ్టు బస్సులంటే, రాత్రి పదింటికి డ్యూటీ దిగి జనం వచ్చే వేళ. డ్యూటీకి పరిగెత్తేవాడు టీకి ఆగడు కదా. కూలీకి దెబ్బ తగిలింది రాత్రి. వేళ కలవకపోయినా సాక్షి అన్నదే రాయాలి కాబట్టి జడ్జిగారు అలాగే చెప్పారు. నూకాలమ్మ మధ్యాహ్నం సంగతి చెబుతోందని రికార్డులో పడితే, ఆవిడ సాక్ష్యం చిత్తుకాగితంతో సమానం. సింహాచలం పని అయిపోయినట్టే.

అతని ప్లీడరు పట్టుకోవాలి దీన్ని. ఆ రోజు అసలు ప్లీడరు రాలేదు. వచ్చిన జూనియర్ కుర్రాయన పక్క కోర్టులో తన ఇంకో కేసు పిలుస్తారేమోనని తలుపు దగ్గర ఒక కాలు బయట, ఒక కాలు లోపల పెట్టి నిలబడ్డాడు. ప్రభుత్వ ప్లీడరు వినే ఉంటాడు. ఆయన ఎందుకు చెబుతాడు? “క్రాస్ ఏమీ లేదు సార్” అని హాయిగా కూర్చున్నాడు. భోజనాల వేళ దగ్గరపడింది. జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు.

సాక్ష్యం చివర ఒక లైను ఉంటుంది. సాక్షికి చదివి వినిపించాం, సరిగా ఉందని ఒప్పుకున్నారు అని. చట్టం ప్రకారం నిజంగానే చదివి వినిపించాలి. ఎక్కడ చూసినా జరిగేది మాత్రం వేరు. లైను ముందు టైపు అయిపోతుంది, సాక్షి కింద వేలిముద్రో సంతకమో పెట్టి దిగిపోతాడు. రద్దీ అలాంటిది. ఎవరినీ తప్పుపట్టను, వరసగా సాక్షులు ఎదురుచూస్తుంటే అందరికీ చదువుతూ కూర్చోలేరు.

కానీ ఆ లైను టైపు చేసేది నేను. సాక్ష్యం గురించి నేను మాట్లాడకూడదు. నేను కొట్టబోయే లైను గురించి మాట్లాడొచ్చు కదా! వేళ్ళు కీబోర్డు మీద నుంచి తీసేశాను.

“సార్, చదివి వినిపించాం అని కొట్టాలి. ఇది చిన్నదే. చదవమంటారా?”

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ కోర్టు హాల్లో డిక్టేషన్‌కి సంబంధం లేని మాట అంతకుముందు ఎప్పుడు మాట్లాడానో గుర్తులేదు. బెంచి క్లర్కు నా వైపు వింతగా చూశాడు. ప్రభుత్వ ప్లీడరు గోడ గడియారం చూశాడు. జడ్జిగారు కళ్ళజోడు పెట్టుకుని నన్ను ఒక్క క్షణం చూశారు. వద్దంటే చేసేదేమీ లేదు. లైను కొట్టి ఊరుకోవాలి.

“చదువమ్మా. అట్లనే కదా చేయాల్సింది” అన్నారు.

చదివి వినిపించడం

స్క్రీన్ మీద ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చదవడం మొదలుపెట్టాను. ఒక్క మాట నొక్కి పలకలేదు, ఒక్క చోట ఆగలేదు. అది మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. సాక్షికి సైగ చేసినట్టు ఏమాత్రం అనిపించినా ఆ సాక్ష్యం విలువ పోతుంది, మీ పరువూ పోతుంది. వార్తలు చదివినట్టు చదివాను.

“మధ్యాహ్నం సుమారు రెండు గంటలకి…”

“మజ్జానమేటమ్మా!” నూకాలమ్మ బోను కొయ్యని రెండు చేతులతో పట్టుకుంది. “మజ్జానం అని నానెప్పుడన్నాను? బి షిఫ్టు దిగి ఇంటికెల్తన్న ఏలమ్మా అది! సీకట్లో జరిగిన సంగతి మజ్జానానికి మార్సేత్తే ఎలగ?”

హాల్లో నిద్రమబ్బు ఎగిరిపోయింది. ప్రభుత్వ ప్లీడరు లేచాడు. సాక్షి ఇప్పుడు మాట మారుస్తోందని అభ్యంతరం చెప్పాడు. జూనియర్ కుర్రాయన రెండో కాలు కూడా లోపల పెట్టి పరుగున వచ్చాడు. జడ్జిగారు చేయెత్తి ఇద్దరినీ కూర్చోమన్నారు.

“ఏమ్మా, రాత్రే అని నీకెట్ల తెలుసు? వాచీ ఉందా నీ దగ్గర?” అని ఆయనే అడిగారు.

“వాచీ ఏటి సేసుకుంతాను బాబూ! మజ్జానం నా బండే ఉండదక్కడ. ఆ జాగాలో అరిటిపళ్ళ బండి ఉంటాది. ఆడు పొద్దోయి ఎల్లినాక నాను ఎట్టుకుంతాను. ఊళ్ళో ఎవుల్నైనా అడగండి. మజ్జానం నాను ఇంటికాడ అంట్లు తోముకుంటాను.”

ప్రభుత్వ ప్లీడరుకి ప్రశ్నలు వేసుకోమని అవకాశం ఇచ్చారు. ఆయన వేశాడు కూడా. రోజూ రాత్రే పెడతావా, పండగలప్పుడో, వర్షం వచ్చినప్పుడో? దేనికీ ఆవిడ తడుముకోలేదు. ఆఖరికి జడ్జిగారు నా వైపు తిరిగి, బి షిఫ్టు పూర్తయి కార్మికులు ఇంటికి వెళ్తున్న వేళ, రాత్రి, అని చెప్పారు. నేను దిద్దాను. మళ్ళీ మొదటినుంచి చదివాను. ఈసారి నూకాలమ్మ తలూపుతూ విని, “ఇప్పుడు నా మాటలాగ ఉన్నాది” అని సంతకం పెట్టింది. అప్పుడు కొట్టాను ఆఖరి లైను. అన్నాళ్ళ ఉద్యోగంలో ఆ లైను కొడుతున్నప్పుడు అంత తృప్తిగా ఎప్పుడూ అనిపించలేదు.

భోజనానికి లేస్తూ జడ్జిగారు, “రేపట్నుంచి చిన్నవన్నీ చదువమ్మా. పెద్దవి నేను చూసుకుంటా” అన్నారు. నేను కావాలనే చదివానని ఆయనకి తెలిసిందో లేదో నేను అడగలేదు. మంచి అధికారి దగ్గర ఇలాంటివి రెండు వైపులా చెప్పకుండానే సరిపోతాయి.

ఒకే చప్పుడున్న రెండు ఇంగ్లీషు మాటల్ని విడదీయడం నేర్చుకోవాలని వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగేది ఇదే. స్పెల్లింగు డిక్షనరీలో దొరుకుతుంది. ఇక్కడ ఏ మాట పడాలో మాత్రం ఆ మాట అన్న మనిషి దగ్గరే ఉంటుంది. ఆ మనిషి ఎక్కడివాడు, ఏం పని చేస్తాడు, పొద్దున్న ఎప్పుడు లేస్తాడు అన్న ధ్యాస ఉంటే చెవి దానంతటదే పదునెక్కుతుంది. ఆ ధ్యాస లేనివాళ్ళు ఎన్ని పరీక్షలు పాసైనా గుమస్తాలుగానే మిగిలిపోతారు. కటువుగా ఉన్నా ఇది నా అభిప్రాయం.

ముందే తెలిసిన సంగతి

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైనది స్పీడు కాదు, స్పెల్లింగూ కాదు. తీర్పు ముందురోజు ముఖం.

తీర్పుని జడ్జిగారు తన గదిలో తలుపు వేసుకుని స్టెనోకి చెబుతారు. అంటే ఆయన తర్వాత ఆ సంగతి తెలిసేది మనకే. ముద్దాయికి తెలియదు, ప్లీడర్లకి తెలియదు, పోలీసులకి తెలియదు. మర్నాడు కోర్టులో చదివేదాకా మన కడుపులోనే ఉండాలి. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. మా ఆయన నా ముఖం చూసి ఏదో ఉందని పసిగట్టేవాడు గానీ ఎన్నడూ అడగలేదు. అది నా అదృష్టం.

సింహాచలం కేసు తీర్పు ఒక మధ్యాహ్నం చెప్పారు. నూకాలమ్మ సాక్ష్యాన్ని నమ్ముతున్నాను అన్న వాక్యం దగ్గరే నాకు తెలిసిపోయింది. అక్కడి నుంచి చివరిదాకా నా గీతలు ఎంత నల్లగా పడ్డాయో! ఆఖరి వాక్యం, ముద్దాయి నిర్దోషి అని, గీసేటప్పుడు పెన్సిల్ ముక్కు విరిగింది. జడ్జిగారు నవ్వి, తన పెన్ను ఇచ్చారు.

గది బయటికి వచ్చేసరికి వరండాలో పైడితల్లి ఉంది. ఆ రోజు వాయిదా కూడా లేదు. ఊరికే వచ్చి కూర్చుంది. నన్ను చూసి లేచింది.

“అమ్మా, రేపు వచ్చేటప్పుడు ఆయన బట్టలు ఓ సంచిలో సద్దుకుని తెమ్మన్నాడు ప్లీడరుగారు. ఒకేళ లోనకి తీసుకెల్లిపోతే కావాలంట. తేవాలేటమ్మా?”

చేతిలో నోటుపుస్తకం ఉంది. ఆ గీతలు ఆవిడ ముందు తెరిచి పట్టినా ఆవిడకి అర్థం కావు. ఒక్కసారి తల అడ్డంగా ఊపితే చాలు. గొంతు దాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, నా ఉద్యోగంలో అంత కష్టమైన నిమిషం ఇంకోటి లేదు. కానీ ఆ తల ఇవాళ ఊపితే, శిక్ష పడబోయే ఇంకొకడి భార్య అడిగిన రోజు ఊపకపోవడమే జవాబైపోతుంది.

“ప్లీడరుగారు చెప్పినట్టు చెయ్యమ్మా” అని చెప్పి నా గదిలోకి వచ్చేశాను.

మర్నాడు ఆవిడ సంచి తెచ్చింది. ప్లాస్టిక్ సంచిలో లుంగీలు, తువ్వాలు, పళ్ళపొడి పైకి కనిపిస్తున్నాయి. జడ్జిగారు తీర్పు చదివి, తెలుగులో కూడా చెప్పారు. సింహాచలం బోనులోనే కూలబడి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

నేను భోజనానికి బయటికి వస్తుంటే పైడితల్లి మెట్ల దగ్గర ఎదురైంది. సంచి గుండెకి హత్తుకుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా దారికి అడ్డంగా నిలబడింది.

“మీకు నిన్ననే తెల్సు కదమ్మా?”

తిడుతుందనుకున్నాను. తిడితే పడటానికి సిద్ధంగానే ఉన్నాను. “తెలుసమ్మా” అన్నాను.

“రేత్రంతా నాను కన్ను ముయ్యనేదు. మా ఆయనా ముయ్యనేదు. మీకూ నిద్దరట్టుండదు, అంత పెద్ద సంగతి కడుపులో ఎట్టుకుని.”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “లేదమ్మా. నేను హాయిగా పడుకున్నాను. ఎన్నాళ్ళకో అంత బాగా నిద్రపట్టింది.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది. వరండా చివర ఉన్న అటెండరు “ఉష్” అనేంత గట్టిగా నవ్వింది.

“పోన్లెండమ్మా. మా ఇద్దరి నిద్దరా మీరే పోనారు.”